ముందు గ్లాసు

4, సోమవారం

గంగాళాన్ని ఈ నెల ఇరవై మూడున సర్వీసు నుంచి తప్పిస్తున్నారు. ముప్ఫై అయిదేళ్ళు కోస్ట్ గార్డ్‌కి సరుకులు మోసిన ఓడ. దాని అసలు పేరు ముందు వైపు బారెడు అక్షరాలతో రాసే ఉంది గానీ, ఆ పేరుతో పిలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. వెడల్పు పొట్ట, పొట్టి మెడ, కడుపు నిండా నీళ్ళు. గంగాళం అనక ఇంకేమంటారు?

ఆఫీసర్ మేడమ్ పిలిచి దాని సర్వీసు చరిత్ర రాయమంది. నాలుగు పేజీలు. గర్వంగా ఉండాలట.

"ఓడ మీద ఏడేళ్ళు, రికార్డు గదిలో ఇరవై ఆరేళ్ళు. మీకన్నా ఎవరికి తెలుసు సార్?" అంది. తరవాత, ఊరికే అడిగినట్టు, "ఓడ వదిలేసి ఒడ్డుకి ఎందుకొచ్చేశారు?" అంది.

"మోకాళ్ళు మేడమ్," అన్నాను.

నిజమే. మోకాళ్ళే.

రికార్డు గదిలో సగం ఖాళీగా ఉన్న పాత నీళ్ళ రిజిస్టరు ఒకటి దొరికింది. పారేసేదే. ఇంటికి తెచ్చుకుని అందులో ఇది రాసుకుంటున్నాను. తేదీ, ట్యాంకు, రుచి, సంతకం అని గళ్ళు అచ్చయి ఉన్నాయి. గళ్ళ మీదుగానే రాస్తున్నాను.

5, మంగళవారం

పని బాగా సాగింది. గంగాళం పుట్టినప్పుడు సిమెంటు మోసేది. తొమ్మిదేళ్ళు బూడిద రంగులో తిరిగాక కోస్ట్ గార్డ్ కొని, తెల్లరంగు వేసి, నడుం చుట్టూ ఎర్ర చార గీసి, ఒక క్రేన్ బిగించింది. అప్పటినుంచి దాని పని ఒకటే. దీపస్తంభాలున్న ద్వీపాలకు నూనె, పిండి, గ్యాస్ బండలు, బ్యాటరీలు, ఉత్తరాలు, అన్నిటికంటే ముఖ్యంగా మంచినీళ్ళు చేరవేయడం. నీళ్ళకి ముందొక ట్యాంకు, వెనకొక ట్యాంకు. మధ్యలో ఒకసారి మునిగిపోతున్న చేపల పడవల నుంచి నలభై ఒక్కమందిని ఎక్కించుకుంది. ఒకసారి ఒక ఆవును కూడా మోసింది. క్రేన్‌కి కట్టి పైకి లేపితే అది గాల్లో ఉన్నంతసేపు ఒక్కసారి కూడా అరవలేదు. కింద నిలబడ్డ మేమే అరిచాం.

ఆవు సంగతి రాశాను. మేడమ్ తీసేస్తుందేమో. తీసేస్తే పోట్లాడతాను.

6, బుధవారం

మొత్తం 612 ట్రిప్పులు. మూడుసార్లు లెక్క చూశాను.

7, గురువారం

217 వరకు రాశాను. వెళ్ళి టీ తాగొచ్చాను. 219 నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

నాలుగు పేజీల్లో అన్ని ట్రిప్పులూ ఎక్కడ పడతాయి? అయినా 218లో పోసింది వెనక ట్యాంకు నీళ్ళే అయ్యుండచ్చు.

9, శనివారం

ఉండబట్టలేక మేడమ్‌కి ముందు గ్లాసు సంగతి చెప్పాను. నా నోరు నాకు శత్రువు.

అది గంగాళం మీద మొదటి కెప్టెన్ పెట్టిన పద్ధతి. ద్వీపంలో ట్యాంకు నింపే ముందు, సరుకుల గుమస్తా హోస్ పైపు నుంచి రెండు గ్లాసులు పట్టాలి. ఒకటి గుమస్తా తాగాలి, ఒకటి దీపం చూసుకునే ఆయన తాగాలి. ఒకరినొకరు చూసుకుంటూ తాగాలి. తరవాత ఇద్దరూ రిజిస్టరులో 'రుచి చూశాం, బాగుంది' అని రాసి సంతకం పెట్టాలి. అప్పుడుగానీ పైపు విప్పకూడదు. నలభై రోజుల దాకా మళ్ళీ ఓడ రాదు మరి. ఆ గుమస్తా పని ఏడేళ్ళు నేనే చేశాను.

మేడమ్ ముఖం వెలిగిపోయింది. "ఎంత బాగుంది సార్! చివరి రోజు అందరి ముందూ చేద్దాం. గుమస్తాగా మీరు. ఆఖరి ద్వీపం ఆయన ఉన్నారుగా, దీపం మాస్టారు, ఈ ఊళ్ళోనే ఉంటున్నారట. ఆయన్ని పిలుద్దాం. మీరే వెళ్ళి పిలవండి. పాత ఫొటోలు కూడా తీసుకురండి."

ఇంటికి రాగానే మోకాళ్ళు లాగాయి. మా ఆవిడ నూనె వేడిచేసి రాసింది. "ఇవాళ ఏ కాలు?" అంది.

"రెండూ," అన్నాను.

11, సోమవారం

మాస్టారి ఇంటికి వెళ్ళాలి. వాన వచ్చేలా ఉంది.

12, మంగళవారం

వాన రాలేదు. వెళ్ళలేదు. మేడమే ఆయనకి ఫోన్ చేసిందట. నడుం పట్టేసింది, రాలేనన్నాడట. నడుం నొప్పి మంచిది కాదు పాపం.

ఎంత హాయిగా అనిపించిందో రాస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

13, బుధవారం

ఇది ఎవరూ చదవరు. రాసేస్తాను.

218వ ట్రిప్పు. ఆ రోజు అల పెద్దది. కెప్టెన్ పొద్దున్నించి చిటపటలాడుతున్నాడు. నేను పైపు కొస పట్టుకుని చిన్న పడవలో ఆఖరి ద్వీపం చేరేసరికి కడుపులో ఉన్నదంతా రెండుసార్లు సముద్రానికి సమర్పించుకున్నాను. నీళ్ళు అన్న మాట తలుచుకున్నా వాంతి వచ్చేలా ఉంది. రెండు గ్లాసులూ పట్టాను. మాస్టారు మెట్లు దిగి వస్తున్నాడు, ఇంకా మలుపు దగ్గరే ఉన్నాడు. నా గ్లాసు రాళ్ళ మీద పారబోశాను. అతను వచ్చేసరికి ఖాళీ గ్లాసు పట్టుకుని మూతి తుడుచుకున్నాను. అవును, మూతి కూడా తుడుచుకున్నాను.

అతని గ్లాసు అతనికిచ్చి, పైపు బిగించడానికి అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి అతని గ్లాసూ ఖాళీ.

"బాగున్నాయా అన్నా?"

"బాగున్నాయి తమ్ముడూ."

సంతకాలు అయిపోయాయి. పైపు విప్పాం. అతని ట్యాంకు నిండింది.

సాయంత్రం ఓడ మీద టీ తాగితే ఉప్పగా ఉంది. ముందు ట్యాంకు వాల్వు దగ్గర సముద్రపు నీళ్ళు లోపలికి కారుతున్నాయి. ఆ ద్వీపానికి పోసింది ముందు ట్యాంకు నీళ్ళే. వెనక ట్యాంకు కాదు. రిజిస్టరులో నా చేత్తోనే రాసి ఉంది. ఇరవై ఆరేళ్ళుగా వెనక ట్యాంకేమో అనుకుంటున్నాను, ఎన్నిసార్లు అనుకున్నా ఆ గడిలో ముందు ట్యాంకనే ఉంటుంది.

కెప్టెన్ పిలిచి అడిగాడు. "ద్వీపంలో తాగి చూశారా?"

"చూశాం సార్. బాగున్నాయి."

"అయితే ఆ తరవాత కారి ఉంటుంది," అన్నాడు.

వైర్‌లెస్ గది అక్కడికి పది అడుగులు. ఆ పది అడుగులు నేను వెయ్యలేదు. ద్వీపంలో ఆ మాస్టారు, ఆయన భార్య, ఇద్దరే. నన్ను చూస్తే తమ్ముడూ అనే మనిషి ఆవిడ. ఆవిడకి కూడా చెప్పకుండా ఊరుకున్నాను.

నలభై రోజుల తరవాత మళ్ళీ వెళ్ళాం. ఆ వదినని కుర్చీలో కూర్చోబెట్టి, తాళ్ళతో బిగించి, క్రేన్‌తో ఓడ మీదికి ఎక్కించారు. ముఖం సున్నం కొట్టినట్టుంది. తల పక్కకి వాలిపోతోంది. నేను సరుకుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, రేవు వచ్చేదాకా బిస్కెట్ డబ్బాలు సర్దాను. సర్దినవే మళ్ళీ సర్దాను. ఆ నెలలోనే మోకాళ్ళు అని అర్జీ పెట్టుకుని ఒడ్డుకొచ్చేశాను.

ఆవిడ బతికిందో లేదో ఎవరినీ అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది కదా.

14, గురువారం

ఆఫీసుకి సెలవు పెట్టాను. నూనె. ఎడమ కాలు.

15, శుక్రవారం

మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. ఆడగొంతు.

"నేను దీపం మాస్టారి భార్యని. ఎవరు, నువ్వేనా తమ్ముడూ?"

రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఉన్నావా? మీ ఓడ పేరెత్తితే చాలు మా ఆయనకి నడుం పట్టేస్తోంది. నిన్నటిదాకా గోడెక్కి కిటికీలు తుడిచిన మనిషి! ఆయన రాడు గానీ నువ్వే రా. ఫొటోలు తీసి పెడతాను. రేపు పొద్దున్నే వచ్చెయ్."

బతికే ఉంది! ఫోన్ పెట్టేసి రికార్డు గదిలో నిచ్చెన మీద కూర్చుండిపోయాను. అన్నం తింటుంటే మాత్రం అనుమానం వచ్చింది. ఇది రెండో భార్య కావచ్చు కదా? మరి తమ్ముడూ అని ఎందుకంటుంది? మాస్టారు చెప్పి ఉండచ్చు. నా బుద్ధి ఇలాంటిది. మంచి కబురు వస్తే దానికి వెనక తలుపు ఎక్కడుందా అని వెతుకుతుంది.

16, శనివారం

మొత్తం రాయాలి. ఒక్క మాట కూడా పోకూడదు.

వాళ్ళిల్లు సైకిల్ షాపు మీద. ఇనప మెట్లు. తలుపు తీసింది ఆవిడే. జుట్టు నెరిసింది, కాస్త లావయింది, కానీ ఆవిడే. నేను గుమ్మంలో చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి చూస్తున్నాను.

"ఏంటలా దయ్యాన్ని చూసినట్టు చూస్తావు? లోపలికి రా," అంది.

మాస్టారు మంచం మీద దిండు ఆనించుకుని కూర్చున్నాడు. కిటికీ అద్దం ఉందో లేదో తెలియనంత శుభ్రంగా ఉంది. దీపం అద్దాలు తుడిచిన చెయ్యి మరి. నన్ను చూసి లేవబోయి, నడుం సంగతి గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. నా మోకాళ్ళ గురించి ఆయన అడిగాడు, ఆయన నడుం గురించి నేనడిగాను. ఆ తరవాత వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. వదిన ఫొటోల పెట్టె తెచ్చి ముందు పెట్టింది. మొదటి ఫొటోలోనే గంగాళం. నాకింక చాలనిపించింది.

"అన్నా, ఆ 218వ ట్రిప్పులో నేను ముందు గ్లాసు తాగలేదు," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "తాగలేదా?"

"లేదు. పారబోశాను. ఆ నీళ్ళు ఉప్పని సాయంత్రానికే తెలిసింది. తెలిసి కూడా చెప్పలేదు."

"మరి మూతి తుడుచుకున్నావు కదయ్యా!" అని మంచం మీంచి ఒక్క గెంతు గెంతాడు. నడుం ఏమయిందో మరి. "నీ మూతి చూసే కదా నేను తాగకుండా సంతకం పెట్టింది!"

ఇప్పుడు నోరు తెరవడం నా వంతు అయింది.

సంగతేమిటంటే, ఆ రోజు ఉత్తరాల మూట వచ్చింది. ఆయన ధ్యాసంతా దాని మీద ఉంది. నేను అటు తిరగగానే గ్లాసులో నీళ్ళు కోడికి పోసేసి మూట విప్పుకున్నాడు. గుమస్తా తాగాడు కదా, ఇంక నేనెందుకు అనుకున్నాడట. సాయంత్రం వదిన నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. వైర్‌లెస్‌లో చెబుతానని లేచాడట గానీ, చెబితే సంతకం ఎందుకు పెట్టావంటారు. సంతకం గురించి అడిగితే నాకూ ఆయనకీ ఇద్దరికీ ఉద్యోగాలు పోతాయి. కుక్కిన పేనులా కూర్చున్నాడు. నేను ఆ తరవాత ఒడ్డుకొచ్చేస్తే, మోకాళ్ళన్నది పైకి చెప్పిన మాటే, తన పాపానికే నన్ను తీసేశారు అనుకున్నాడట. ఇరవై ఆరేళ్ళూ అలాగే అనుకున్నాడట. అందుకే నా ముఖం చూడలేక నడుం పట్టేసింది.

వదిన గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"తేలు కుట్టిన దొంగలు," అంది. "ఒకడు ఓడలో, ఒకడు ద్వీపంలో. కుట్టింది ఒకటే తేలు."

"వదినా, మరి నువ్వు..." అన్నాను. "ఆ కుర్చీలో... క్రేన్‌తో..."

"ఆ నీళ్ళవల్ల అనుకున్నావా?" అంది. నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయింది. వచ్చి పక్కన కూర్చుంది. "పిచ్చివాడా. నాకప్పుడు మూడో నెల. పచ్చినీళ్ళు చూసినా వాంతే. వైర్‌లెస్‌లో చెబితే డాక్టరు ఒడ్డుకి తీసుకురమ్మన్నాడు. మీ ఉప్పునీళ్ళు నేను చుక్క ముట్టలేదు. వాన నీళ్ళ తొట్టి ఉంది, రెండు వానలు పడ్డాయి, అవన్నీ నాకే. ఆయన మాత్రం మీ నీళ్ళే తాగాడు. తప్పు చేశాను, తాగుతానన్నాడు. తాగనిచ్చాను. నలభై రోజులు ఆయన కూరలో ఉప్పు వేసే పని తప్పింది నాకు."

"పిల్ల?"

"పుట్టింది. పళ్ళ డాక్టరు. నీ పళ్ళు చూస్తే తిడుతుంది."

నేను ఏడ్చాను. మాస్టారు కూడా ఏడ్చాడు. ఇద్దరు ముసలివాళ్ళు ఒక మంచం మీద కూర్చుని ఏడుస్తుంటే కింద సైకిల్ షాపులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. ఇంత తేలిగ్గా నేనెప్పుడూ లేను. ఇంత కోపంగా కూడా లేను, నా మీద నాకే.

"ఒక్క కార్డు ముక్క రాసి ఎలా ఉన్నావు వదినా అని అడిగితే అరిగిపోయేవాడివా?" అంది ఆవిడ. నేను ఫొటోలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాను.

వచ్చేముందు రెండు గ్లాసులతో మంచినీళ్ళు తెచ్చి ఇద్దరికీ ఇచ్చి ఎదురుగా నిలబడింది. "మూతి తుడుచుకోవడం కాదు. గుటక కనబడాలి," అంది.

తాగాం.

ఇంటికొచ్చి మా ఆవిడకి నీళ్ళ సంగతంతా చెప్పాను. మోకాళ్ళ సంగతి చెప్పలేదు. ఒక్క రోజుకి ఇంత చాలు.

18, సోమవారం

చరిత్రలో ఇలా చేర్చాను: '218వ ట్రిప్పు. ఆఖరి ద్వీపానికి సముద్రపు నీరు కలిసిన నీళ్ళు పోశాం. సరుకుల గుమస్తా ముందు గ్లాసు తాగకుండా తాగినట్టు సంతకం పెట్టాడు. నీళ్ళు ఉప్పని తెలిశాక కూడా చెప్పలేదు, కెప్టెన్‌కి అబద్ధం చెప్పాడు. ఆ గుమస్తా ఈ చరిత్ర రాసినవాడే.'

మాస్టారి ఊసు ఎత్తలేదు. మధ్యాహ్నం ఫోన్ చేసి చదివి వినిపిస్తే గయ్యిమన్నాడు. "నన్నెందుకు వదిలేశావు? ఉప్పునీళ్ళు తాగింది నేనయితే పేరు నీకా?" అన్నాడు. ఆయన్నీ చేర్చాను. కోడినీ చేర్చాను.

19, మంగళవారం

మేడమ్ ఆ పేరా రెండుసార్లు చదివింది. నేను నిలబడే ఉన్నాను.

"ఓడ చరిత్ర రాయమంటే మీ తప్పు రాశారేంటి సార్?"

"ఓడకి తప్పేముంది మేడమ్? అది మోసింది. చూడాల్సింది మేము."

"పైవాళ్ళు అడిగితే?"

"నాకింకా ఏడు నెలల సర్వీసుంది. అడగనివ్వండి, చెబుతాను."

ఆవిడ కిటికీలోంచి రేవు వైపు చూసింది. అక్కడ గంగాళం తుప్పు మరకలతో పడి ఉంది. "నేను చదవకుండా పెట్టిన సంతకాలు ఎన్నున్నాయో," అంది, నాతో కాదు. తరవాత మొదటి పేజీ నుంచి నాలుగో పేజీ దాకా, నన్ను నిలబెట్టే, ఒక్కొక్క వాక్యం వేలు పెట్టి చదివి, కింద సంతకం పెట్టింది.

ఆవును కూడా ఉంచింది.

21, గురువారం

నూనె వద్దన్నాను. మా ఆవిడ సీసా తీసుకెళ్ళిపోయింది.

23, శనివారం

అయిపోయింది.

జెట్టీ నిండా జనం. మాస్టారు, వదిన, వాళ్ళ పళ్ళ డాక్టరు వచ్చారు. ఆ అమ్మాయి నవ్వితే చూస్తూ నిలబడ్డాను, ఎందుకో తనకి తెలియదు. మా ఆవిడ కొత్త చీర కట్టుకుని వచ్చింది. గంగాళం మెట్లు ఇరవై రెండు, నిటారుగా ఉంటాయి. గుమస్తా ముందు ఎక్కాలని మేడమ్ పిలవగానే నాకు ఇంకేమీ గుర్తులేదు. ముప్ఫై మూడేళ్ళ నాడు ఎక్కినట్టు రెండేసి మెట్లు దాటుకుంటూ ఎక్కేశాను. పైకి చేరాక తిరిగి చూస్తే, మా ఆవిడ కింద తలెత్తి నా వైపే చూస్తోంది.

ముందు ట్యాంకు నుంచి రెండు గ్లాసులు పట్టాను. మాస్టారు ఎదురుగా నిలబడ్డాడు. ఒకరి గుటక ఒకరం చూస్తూ తాగాం. రిజిస్టరు తెరిచారు. రుచి గడిలో ఏం రాయాలా అని ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. ఆయన కలం నాకిచ్చాడు. 'రుచి చూశాం. తుప్పు వాసన ఉంది. తాగొచ్చు' అని రాశాను. 612 ట్రిప్పుల్లో ఆ గడిలో 'బాగుంది' కాకుండా ఇంకో మాట పడటం ఇదే మొదటిసారి. ఇద్దరం సంతకాలు పెట్టాం. హారన్ మోగింది. వచ్చే వారం దాన్ని ముక్కలు కోసే రేవుకి లాక్కెళతారు. బాధగానే ఉంది. కానీ దాని ముందు తల ఎత్తుకుని నిలబడ్డాను, అది చాలు.

తిరిగి వస్తుంటే బస్సులో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది.

"మెట్లు ఎక్కడం చూశాను," అంది.

"మోకాళ్ళ సంగతి నీకు చెప్పాలి," అన్నాను.

"ఏం చెబుతారు? సోమవారం కుడి కాలు, గురువారం ఎడమ కాలు. నొప్పి ఉన్న మనిషి కాలు మర్చిపోతాడా? మొదటి నెలలోనే తెలిసింది నాకు."

"తెలిసి ఇరవై ఆరేళ్ళు నూనె రాశావా?"

"ఎక్కడో నొప్పి ఉందని తెలుసు," అంది. "ఎక్కడో మీరు చెప్పలేదు. అందిన చోట రాశాను."

బస్సు దిగేదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చి అలమార తెరిస్తే నూనె సీసా ఖాళీ. ఏమయిందని అడిగాను. గురువారమే వీధి తలుపు బందులకి పోసేసిందట. నిజమే, ఇందాక లోపలికి వస్తుంటే ఆ తలుపు కిర్రుమనలేదు.